లాభం నుంచి లెక్క నేర్పిన సారు

మా పక్క మంచం సారు పోయారు. మొన్న పొద్దున మేం ఇంకా చాయ్ కూడా పెట్టుకోలేదు, సారు వాళ్ల మేడం ఫోన్ చేశారు. "బిడ్డా, సారు ఇగ లేడు. మీ మామకు జెర మెల్లగ చెప్పు" అన్నారు. అంత దుఃఖంలో కూడా ఆమెకు మా మామ గుర్తుకొచ్చాడు. మామ అంటే మా ఆయన తండ్రి. ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియక అట్లాగే గోడకు ఆనుకుని నిలబడ్డాను. నేను చెప్పేలోపే నా ముఖం చూసి ఆయనే అడిగాడు, "సారేనా?" అని.

పక్క మంచం అంటే పక్కింటి మంచం కాదు. సిద్దిపేటలో మేం పోయే దవాఖానలో డయాలిసిస్ వార్డు ఒకటి ఉంది. అందులో చివరి రెండు మంచాలు వీళ్లిద్దరివి. సారు మాకు చుట్టం కాదు, కులం కాదు, ఒక వాడకట్టు కూడా కాదు. వారానికి మూడుసార్లు ఇద్దరినీ ఒకే వేళకు మిషన్లకు కట్టేస్తారు, అదే మా బంధుత్వం.

ఆ వార్డు సంగతి చెప్పకుండా సారు సంగతి చెప్పలేను. కిటికీ అద్దాలకు తెల్ల కాగితం అతికించి ఉంటుంది, బయట ఎండో వానో తెలియదు. కిటికీలు తెరుచుకోవు. ఏసీ చలికి రోగులు దుప్పట్లు కప్పుకుంటే, తోడు వచ్చినవాళ్లం స్టీలు స్టూళ్ల మీద ముడుచుకుని కూర్చుంటాం. మంచం మీద ఉన్నవాళ్ల చేతికి సూదులు, గొట్టాలు. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. స్టూలు మీద ఉన్నవాళ్లకు గొట్టాలు లేవు గాని లేచి పోవడానికీ లేదు. మిషన్ కూత పెట్టగానే సిస్టర్‌ను పిలవాలి. నెలకో ఏడాదికో తీరేది కాదు, బతికున్నంత కాలం ఇంతే అని డాక్టరు మొదటి రోజే చెప్పేశారు. మామ చల్లగా బతకాలి, నాకు ఈ స్టూలు నుంచి విడుదల కావాలి. ఈ రెండు కోరికలూ ఒకదానితో ఒకటి పడవని తెలిసే రెండింటినీ మోసుకుంటూ కూర్చునేదాన్ని. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను.

మాదీ నేత కుటుంబమే గాని మా బాపు ఎప్పుడో మగ్గం విడిచి రాయపోల్ దిక్కు ఎవుసంలోకి, పొలం పనిలోకి దిగాడు. నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. పెళ్లయి సిద్దిపేటకు వచ్చాను. మా ఆయన భీవండిలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. మామ మగ్గం మీద ఉన్నంతవరకు అన్నీ బాగానే ఉన్నాయి. ఆయన మంచాన పడ్డాక ఇంట్లో చదువుకున్నది నేనే కాబట్టి దవాఖాన కాగితాలు నా చేతికొచ్చాయి, కాగితాల వెంట మామ, మామ వెంట స్టూలు.

సారు మహానుభావుడని రాయను. ఆయన వింటే నవ్వుతారు. కోపిష్టి మనిషి. టెక్నీషియన్ సూది ఒక్కసారిలో పెట్టకపోతే ముఖం తిప్పుకుని ఆ పూటంతా అతనితో మాట్లాడేవారు కాదు. గడియారం ఎదురుగానే ఉన్నా టైమెంతైందని వచ్చేపోయే వాళ్లందరినీ అడిగేవారు. దాహం మరిచిపోవడానికి బుగ్గన లవంగం పెట్టుకునేవారు, అది మా మామకు కూడా అలవాటు చేశారు. ఒకప్పుడు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పినవారు. కిడ్నీలు పాడయ్యాక కాలేజీ వదిలేశారు గాని, పాఠం చెప్పే జబ్బు మాత్రం వదల్లేదు.

ఒకరోజు నేను ఎటో చూస్తూ కూర్చుంటే పక్క మంచం మీంచి గొంతు వినిపించింది.

"ఏం చదివినవ్ బిడ్డా?"

"బీఎస్సీ కంప్యూటర్స్, సార్."

"మరి గా గోడ మీద ఏం రాసున్నదని గంట సేపటి సంది చదువుతున్నవ్?"

నాకు మండింది. "ఏం చేయమంటరు సార్? ఈడ డ్యాన్స్ చేయాల్నా?" అన్నాను. మామ కళ్లు తెరిచి "పెద్దమనిషితోని గట్ల మాట్లాడుతరా?" అని గదమాయించాడు. సారు మాత్రం ఎంతో సంతోషపడ్డారు. "కోపమొచ్చిందంటే ఇంక పానమున్నట్టే. ఫోన్ ఇటు పట్టు" అన్నారు. ఫోన్లోనే పైతాన్ అనే కంప్యూటర్ భాష నడిపే యాప్ ఒకటి ఎక్కించి ఇచ్చారు. డిగ్రీలో పరీక్ష కోసం బట్టీ పట్టి, పరీక్షతోపాటే మరిచిపోయిన పైతాన్ మళ్లీ అట్లా నా దగ్గరికొచ్చింది.

ఆయన పద్ధతి ఒకటే. నా చేతిలోంచి ఫోన్ ఎప్పుడూ తీసుకునేవారు కాదు. తీసుకుందామన్నా ఒక చెయ్యి గొట్టాలకే సరిపోయేది. ప్రోగ్రాం తప్పయితే తెర మీద ఎర్ర అక్షరాలు బారెడు వస్తాయి. నేను గాభరాపడి మొత్తం చెరిపేయబోతే కేకేసేవారు. "ఆఖరి లైను చదువు! ఎర్రగ కనవడంగనే కండ్లు మూసుకుంటరు మీరందరు. గది తిట్టు కాదు, ఏడ తప్పిందో చెప్తున్నది." సూది గుచ్చినప్పుడు ముఖం తిప్పుకునే మనిషే నాకు మాత్రం తప్పు ముఖంలోకి సూటిగా చూడమని చెప్పేవారు.

లిస్టులు మొదలుపెట్టినప్పుడు నేను ఇరుక్కుపోయాను. లిస్టు అంటే వరసగా పెట్టిన డబ్బాలు అనుకోండి, ఒక్కో డబ్బాలో ఒక్కో అంకె. ప్రతి డబ్బాకూ ఒక నంబరు ఉంటుంది. పైతాన్‌లో ఆ నంబర్లు ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి మొదలవుతాయి. ఐదు డబ్బాలుంటే ఆఖరిదాని నంబరు నాలుగు. నేను ఐదో నంబరు అడిగేదాన్ని, అది వరస దాటిపోయావని ఎర్రగా అరిచేది. చెప్పిందే చెప్పి సారుకు విసుగొచ్చింది. కాసేపు ఆలోచించి అడిగారు.

"మీ బాపు కల్లంల వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఏమంటడు?"

"లాభం అంటడు సార్."

"ఒకటి అనడు గదా?"

"అనడు. లాభం, రెండు, మూడు... గట్ల పోతడు."

"మరి ఇంకేంది! పైతాన్ గూడ మొదటిదాన్ని ఒకటి అనది. సున్నాను లాభం అనుకో, అయిపాయె."

అయిపోయింది. నేను పొద్దున బియ్యం కొలిచేటప్పుడు, దండెం మీద ఆరేసిన బట్టలు తీసేటప్పుడు కూడా లాభం అనే మొదలుపెట్టే మనిషిని. సున్నా నంబరు డబ్బా అంటే లాభం డబ్బా. ఇక మరిచిపోవడమన్నది లేదు. సారు కూడా తన తెలివికి తానే మురిసిపోయి మామ దిక్కు చూసి కన్ను గీటారు.

కొన్నాళ్లకు సారు నాకు పని పెట్టారు. "పుస్తకాల లెక్కలు నీకెందుకు? మీ ఇంట్ల అక్కరకొచ్చేది రాయి." మా ఇంట్లో అక్కరకొచ్చే లెక్క ఒకటే, నీళ్లు. డయాలిసిస్ మనిషికి రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు గీత గీస్తారు. చాయ్, పులుసు, గోలీలు మింగడానికి తాగే నీళ్లు, అన్నీ అందులోకే వస్తాయి. గీత దాటితే నీరు ఒంట్లో నిలిచిపోయి బరువు పెరుగుతుంది, కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరాడదు. అందుకే తాగినప్పుడల్లా ఎంత తాగాడో ఆ అంకె లిస్టులో వేసి, దీపాలు పెట్టే వేళకు అన్నీ కూడి, రాత్రికి ఇంకా ఎన్ని నీళ్లు మిగిలాయో చెప్పే ప్రోగ్రాం రాద్దామనుకున్నాను.

రాసే వారం నుంచి కొన్నాళ్లు సారు జ్వరమొచ్చి వార్డుకు వేరే వేళలో వచ్చారు. నేను ఒక్కదాన్నే రాశాను. మొదట ఎర్ర అక్షరాలొచ్చాయి. నేర్పినట్టే ఆఖరి లైను చదివాను, వరస దాటిపోయానని అర్థమైంది. చివర ఒకటి తగ్గించాను. ఎర్ర అక్షరాలు పోయాయి, అంకె వచ్చింది. ఎంత గర్వపడ్డానో! అత్తకు చూపించాను. మా అత్తకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు తెలుసు. ఆ రోజు నుంచి సందెవేళ ఫోన్ ఎంత చెబితే అంతే నీళ్లు కొలిచి మామకు ఇచ్చేది.

ఆ తర్వాత దవాఖానకు పోయినప్పుడల్లా మామ బరువు ఎక్కువ చూపించడం మొదలైంది. డయాలిసిస్‌కు ముందు కాంటా మీద నిలబెట్టి తూస్తారు. "ఏం పెద్దాయనా, దొంగతనంగ తాగుతున్నవా?" అన్నాడు టెక్నీషియన్. మామ తాగలేదన్నాడు. మళ్లీ తూస్తే మళ్లీ ఎక్కువే. ఇంటికొచ్చాక అత్త నిలదీసింది. "నీళ్ల కాడ గూడ అబద్ధమాడుతవా? నీ పానం కాదా?" ఆమెది కోపం కాదు, భయం. ఆ భయంతోనే వంటింటికి తాళం వేసింది. స్నానాల గదిలోంచి మగ్గు తీసేసింది. మామ ఆ గదికి పోతే బయట నిలబడి చెవి పెట్టి వినేది. ఇంట్లో ముగ్గురమే. ఒకరు దాహంతో గదిలో, ఒకరు తాళంచెవితో గుమ్మంలో, నేను అన్నం కుండ దించాలన్నా అత్తను అడగాల్సి వచ్చి మధ్యలో. దవాఖానలో మూసిన కిటికీలు, ఇంటికొస్తే తాళం. గాలి పీల్చుకునే చోటే లేదనిపించేది. చివరికి మామ మాట్లాడటం మానేశాడు. గ్లాసు అందిస్తే చేత్తో పక్కకు నెట్టి, "నాకు మీ నీళ్లే వద్దు, తీసుకపో" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి డయాలిసిస్‌కు అత్త కూడా వచ్చింది, డాక్టరుతో తానే చెప్పాలని. సారు కూడా ఆ రోజు తన మంచానికి తిరిగొచ్చారు. వార్డులో అందరి ముందు మామ ఒట్టేశాడు. "భీవండిల ఉన్న నా కొడుకు మీద ఒట్టు. సుక్క గూడ దొంగతనంగ తాగలే." అప్పుడు పక్క మంచం మీంచి సారు అన్నారు:

"ఆయిన్ని తర్వాత అడుగుదురు గని, మొదలు లెక్కను అడుగుండ్రి. బిడ్డా, నీ ప్రోగ్రాం తియ్యి."

తీశాను. ఎర్ర అక్షరాలు ఒక్కటి కూడా లేవు సార్ అన్నాను.

"అరిసే తప్పుతోని బాధ లేదు. సప్పుడు చేయనిదే పానం తీస్తది. అసలు అంకెలు పక్కకు పెట్టు. లిస్టుల గీ నాలుగే వేసుకో: ఒకటి, పది, వంద, వెయ్యి. మొత్తం ఎంత రావాలె?"

"పదకొండు వందల పదకొండు."

"నడిపియ్యి. ఎంతొచ్చింది?"

"పదకొండు వందల ఒకటి, సార్."

"ఏది పోయింది?"

"పది."

"పది ఎన్నో డబ్బల ఉన్నది?"

"రెండో దాంట్ల."

సారు మెల్లగా అత్త దిక్కు తిరిగారు. "అమ్మా, మీ ఆయన రోజు పొద్దున రెండోపారి తాగేది ఏంది?"

అత్త ఆలోచించకుండానే చెప్పింది. "ముందుగాల చాయ్. ఎన్కసిరి గోలీల నీళ్లు, సారూ."

గోలీల నీళ్లంటే ఆ రోజుకల్లా పెద్ద గ్లాసు. బోలెడన్ని గోలీలాయె. రోజూ ఆ గ్లాసు లెక్కలోంచి జారిపోతోంది, సందెవేళ ఫోన్ అన్ని నీళ్లు ఎక్కువ మిగిలాయని చెబుతోంది, అత్త కొలిచి మరీ ఇస్తోంది, ఇచ్చినవే మామ తాగుతున్నాడు. ఇందులో దొంగ లేడు.

"లూప్ ఏడికెళ్లి మొదలుపెట్టినవ్?" అని అడిగారు సారు. లూప్ అంటే ఒక్కో డబ్బా దగ్గరికీ వరసగా పోయి అంకె తీసి కూడే తిరుగుడు.

"రెండు నుంచి సార్. లాభం ముందే మొత్తంల వేసుకున్న. లాభం తర్వాత రెండే కదా సార్?"

సారు నవ్వడం మొదలుపెట్టారు. ఎంత నవ్వారంటే మిషన్ కూత పెట్టింది, సిస్టర్ పరుగెత్తుకొచ్చి కోప్పడింది. పైతాన్‌కు లాభం తర్వాత వచ్చేది ఒకటి. మా బాపు కల్లంలో మాత్రమే రెండు వస్తుంది. లోకంలో పైతాన్ నేర్చుకునే వాళ్లు చాలా తప్పులు చేస్తారట గాని, ఈ తప్పు చేయాలంటే మాత్రం వడ్లు కొలిచే ఇంట్లో పుట్టాలన్నారు సారు. లూప్‌ను ఒకటి నుంచి మొదలుపెట్టి మళ్లీ నడిపించాను. పదకొండు వందల పదకొండు వచ్చింది.

నవ్వు ఆగాక సారు మామ దిక్కు తల తిప్పారు. రెండు చేతులు జోడించడానికి వీల్లేదు, ఒక చేతికి సూదులున్నాయి. ఇంకో చెయ్యి ఒక్కటే ఎత్తి నుదుటికి ఆనించుకున్నారు. "అన్నా, లాభం లెక్క చెప్పింది నేనే. సగమే చెప్పి ఇడిసిపెట్టిన. తప్పు నాది. నిన్ను దొంగను చేసిన" అన్నారు. రాసింది నేనే కదా సార్ అని నేనేదో అనబోతే కళ్లతోనే ఆపేశారు. పాఠం చెప్పిన వాళ్లలో తప్పు తన నెత్తిన వేసుకున్న మనిషిని నేను ఆ ఒక్కరినే చూశాను.

లెక్క సరయ్యేసరికి మామకు దక్కింది ఏమిటంటే, రోజుకు ఒక గ్లాసు తక్కువ నీళ్లు. సందెవేళ ఫోన్ చెప్పే అంకె ఇప్పుడు చాలా చిన్నది. ఆ మాట ఎట్లా చెప్పాలా అని నేను నసుగుతుంటే మామే అన్నాడు. "తక్కువైతె తక్కువాయె బిడ్డా. దొంగ అన్న మాటైతే పోయింది గదా." చాలా రోజుల తర్వాత ఆయన నన్ను బిడ్డా అన్నాడు. అత్త కొంగుముడి విప్పి వంటింటి తాళంచెవి తీసి మామ దిండు కింద పెట్టి, ముఖం కడుక్కోవడానికి బయటికి పోయింది.

ఇంకోటి కూడా చెప్పాలి. తర్వాత ఎప్పుడో నాకు తెలిసింది, పైతాన్‌లో లిస్టును కూడడానికి లూపే అక్కర్లేదు. సమ్ అని ఒక్క ముక్క రాస్తే చాలు, డబ్బా నంబర్ల గొడవే ఉండదు, అదే మొత్తం కూడి ఇస్తుంది. నేను ఉడికిపోతూ వార్డుకు పోయాను. "సార్, గింత అలకటి పని ఉండంగ నన్నెందుకు గోస పెట్టిన్రు?" అని నిలదీశాను.

సారు బుగ్గన లవంగం అటు నుంచి ఇటు మార్చుకున్నారు. "గది ముందే చెప్తే ఒక్క నిమిషంల అయిపోవు. మిగిలిన నాలుగు గంటలు నేనెవలతోని మాట్లాడాలె?"

ఆయనకు పాఠం చెప్పే జబ్బు అనుకున్నాను గాని, ఆ మంచం మీద ఆయనకు ఉన్న కిటికీ అదొక్కటేనని అప్పుడు తెలిసింది. ఇంకోసారి లూప్ గురించే చెబుతూ, "బయటపడే షరతు రాయకపోతే లూప్ అట్లనే తిరుగుతుంటది" అని ఆగి, మిషన్‌లో తిరుగుతున్న తన రక్తాన్ని చూసి, "గిట్ల" అన్నారు. అది నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేకపోయాను.

నాకేమైనా ఉద్యోగం వచ్చిందా అని మీరు అడగొచ్చు. రాలేదు. పరీక్షలు రాస్తున్నాను, స్టూలు మీదే చదువుతున్నాను. ఈ స్టూలు నుంచి సారు నన్ను విడిపించలేదు, విడిపిస్తానని ఎప్పుడూ అనలేదు కూడా. కూర్చున్న చోట నా బుర్రను మాత్రం కట్టేయనివ్వలేదు. అందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

చివరి రోజుల్లో సారు బాగా నీరసించిపోయారు. నీళ్లు ఇంకా తగ్గించారు. తడి గుడ్డతో పెదాలు అద్దితే, ఆ గుడ్డనే కాసేపు పళ్ల మధ్య పట్టుకుని వదిలేవారు కాదు. అట్లాంటప్పుడు మామ చూడలేక అటు తిరిగి పడుకునేవాడు.

మొన్న కబురు తెలిశాక మామ చొక్కా తొడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. నువ్వు రాలేవు మామా అంటే వినలేదు. ఆటోలో తీసుకుపోయాను. ఇంటి ముందు ఎన్నో ఏళ్ల నాటి శిష్యులంతా వచ్చి నిలబడ్డారు. పాడె లేవడానికి ముందు అయినవాళ్లంతా వరసగా వచ్చి ఆయన నోట్లో నీళ్లు పోస్తున్నారు, తలా ఒక చుక్క. అందరి తర్వాత మేడం మామను పిలిచారు. "అన్నా, నువ్వు గూడ రా."

మామ నా భుజం పట్టుకుని పోయాడు. చేతికిచ్చిన చిన్న చెంచాను పక్కన పెట్టేశాడు. చెంబే అందుకున్నాడు. సారు తలను ఒక చేత్తో కొంచెం ఎత్తి, పసిపిల్లలకు తాగించినట్టు చెంబు పెదాలకు ఆనించి మెల్లగా వంచాడు. వెనక ఎవరో పెద్దమనిషి "సాలు పెద్దాయనా, సాలు" అన్నాడు. మామ ఆపలేదు. "పోయనీయుండ్రి" అన్నారు మేడం.

నీళ్లు నోరు నిండి, పెదాల చివరి నుంచి మెడ మీదికి దిగి, మీద కప్పిన తెల్లబట్టను తడిపి, చాప అంచు దాటి వాకిట్లోకి పారుతున్నాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా మామ అట్లాగే వంచి పట్టుకున్నాడు.